సముద్రాన్ని చూసి రాసుకున్న నోటుపుస్తకం ఊరి గొడవలో దేనికి పనికొస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మూడేళ్లుగా మీ ఊరి తీరంలో కనిపించిన తాబేళ్లు, పక్షులు, పీతలు, నత్తల ఫొటోలు తీసి, తేదీ వేసి రాసుకుంటున్నారు. ఇప్పుడు అక్కడ జెట్టీ రాబోతోందని తెలిసి ఊరు రెండుగా చీలింది. ఒక వర్గం మిమ్మల్ని ‘అభివృద్ధికి అడ్డం’ అంటోంది. రెండో వర్గం మీ ఫొటోలు తమ ఫ్లెక్సీ మీద వేసుకుంటామంటోంది. మీరు రాసుకున్నదానికి ఈ వివాదంలో నిజంగా విలువ ఉందా, ఉంటే ఎలా వాడాలి అని అడిగారు.

విలువ ఉంది. కాకపోతే మీరు ఆశిస్తున్న చోట లేదు. జెట్టీ కట్టాలా వద్దా అన్నదానికి మీ పుస్తకంలో జవాబు దొరకదు, ఇంకో పదేళ్లు రాసినా దొరకదు. గొడవ ఏ ప్రశ్న మీద జరుగుతోందో ఆ ప్రశ్నను మార్చడమే పరిశీలన చేసే పని. ‘తాబేలు కావాలా, జాలరి కావాలా’ అని మొదలైన పోట్లాటను ‘ఏ వల, ఏ నెల, ఒడ్డుకు ఎంత దూరం’ అన్న చోటికి తెస్తుంది. మొదటి ప్రశ్న మీద ఎంతసేపైనా అరుచుకోవచ్చు. రెండోదాని మీద కూర్చుని మాట్లాడుకోవచ్చు.

నా సంగతి రెండు ముక్కల్లో: ఉత్తరాంధ్రలో డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తాబేళ్ల కాలంలో తీరం వెంట నడవడం, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో వెనక వరుసలో కూర్చుని వినడం చాలా ఏళ్లుగా నా వ్యాపకాలు. కింద రాసినదంతా ఆ రెండింటి నుంచి వచ్చిందే.

తాబేళ్ల సంగతి కాస్త వివరంగా చెబుతాను, మన తీరంలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి వరకు, కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా, రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కో గూటిలో వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. సరిగ్గా ఈ కాలంలోనే చనిపోయిన పెద్ద తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2025 జనవరిలో చెన్నై, దాని చుట్టుపక్కల తీరాల్లో ఇలా కొట్టుకొచ్చినవి వెయ్యి దాటాయని వార్తలు వచ్చాయి. ఆ విషయం కోర్టు దాకా వెళ్లింది. మన దగ్గరా ప్రతి ఏటా ఈ దృశ్యం ఉన్నదే, కాకపోతే పేపర్లో లోపలి పేజీలో వస్తుంది.

అప్పుడు జరిగే వాదన మీకు తెలిసిందే. పర్యావరణం వాళ్లు ‘ట్రాలర్లే (నీళ్లలో పెద్ద వలను ఈడ్చుకుంటూ పోయే మరపడవలు) చంపాయి’ అంటారు. మరపడవల యజమానులు ‘రుజువేది? ఓడల పంకాలు తగిలాయి, కాలుష్యం వల్ల చచ్చాయి, ఒడ్డెక్కినప్పుడు కుక్కలు కొరికాయి’ అంటారు. రెండు వైపులా గొంతు ఎక్కువ, చూసింది తక్కువ.

ఇప్పుడు కళేబరాన్ని దగ్గరగా చూసేవాడు ఏం చెప్పగలడో చూడండి. మగ తాబేలుకు తోక పొడవుగా, డిప్ప అంచు దాటి స్పష్టంగా బయటికి కనిపిస్తుంది. ఆడదానికి పొట్టిగా ఉంటుంది. ఆలివ్ రిడ్లేల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కేది ఆడది. మగది పుట్టిన రోజున నీళ్లలో దిగితే, మామూలుగా మళ్లీ ఇసుక మీదికి రాదు. కాబట్టి ఒడ్డున మగ తాబేలు కళేబరం దొరికితే ‘కుక్కలు చంపాయి’ అన్న మాట అక్కడికక్కడే పడిపోతుంది. అది చచ్చింది సముద్రంలో. కుక్కలు కొరికి ఉంటే చచ్చాక కొరికి ఉంటాయి. ఓడ పంకా తగిలితే డిప్ప మీద వరసగా, సమాంతరంగా కోతలు పడతాయి. అలాంటి కోతలు ఎన్నింటికి ఉన్నాయో, ఎన్నింటికి లేవో లెక్క రాసినవాడి ముందు ‘అన్నీ ఓడల వల్లే’ అనడం కష్టం. ఇదంతా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వంగి చూడాలి, ముక్కు మూసుకునే ఓపిక ఉండాలి.

అయితే ఇక్కడే ఆగాలి. గాయం లేని కళేబరం ‘నన్ను ఫలానా పడవ చంపింది’ అని చెప్పదు. ట్రాల్ వలను గంటల తరబడి లాగుతారు. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు, అంతసేపు పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. అది నిజమే. కానీ పెద్ద కన్నుల వలల్లో చిక్కుకున్నా అలాగే చస్తుంది, ఆ వలలు వేసేది ఎక్కువగా చిన్న పడవల వాళ్లు. పైగా గాలి, ప్రవాహం కళేబరాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి మోసుకొచ్చాయో ఒడ్డున నిలబడితే తెలియదు. చచ్చినవన్నీ ఒడ్డుకు చేరవు కూడా. అందుకే సభలో ‘నేను చూసినవి ఇన్ని’ అనండి, ‘చచ్చినవి ఇన్ని’ అనకండి. ఈ తేడా పాటించేవారి మాటకు రెండో ఏడాది నుంచి బరువు పెరుగుతుంది. పాటించనివారిని మొదటి ఏడాదే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఇక నెలల సంగతి. సభల్లో తరచుగా వినిపించే మాట: ‘ఇప్పటికే 61 రోజులు వేట ఆపుతున్నాం, ఇంకేం చేయమంటారు?’ నిజమే, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన నిషేధం. మీ పుస్తకంలో చచ్చిన తాబేళ్ల పేజీలు తిప్పండి. దాదాపు అన్నీ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలవే అయి ఉంటాయి. నిషేధం మొదలయ్యేసరికి తాబేళ్ల కాలం ముగింపుకు వస్తుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, రెండు కాలాలు కలవడం లేదు, అంతే. ఆ సంగతి బల్ల మీద పెట్టగానే ‘మీరు నిషేధం పాటించరు’, ‘మేం పాటిస్తాం’ అన్న కీచులాట ఆగి, ఆ మూడు నెలల్లో ఏం చేయవచ్చన్న మాట మొదలవుతుంది. నేను స్వయంగా చూశాను.

ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట ఆపుతారు. ‘ఇక్కడా అదే పెట్టాలి’ అనే మిత్రులు ఉన్నారు. నేను ఒప్పుకోను. అక్కడ లక్షల తాబేళ్లు ఒకే చోట ఒకేసారి ఒడ్డెక్కుతాయి. మన దగ్గర గూళ్లు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం పొడవునా చెదిరి ఉంటాయి. అక్కడి నియమాన్ని ఇక్కడ అచ్చుగుద్దితే ఏడు నెలలు తీరమంతా మూయాలి. ఏ ప్రభుత్వమూ చేయదు, చేయకూడదు కూడా. ఎక్కడ గూళ్లు ఎక్కువో ఏళ్ల తరబడి రాసిన లెక్క ఉంటే, ఆ కొద్ది కిలోమీటర్లకు, ఆ కొద్ది వారాలకు అడగవచ్చు. అడిగేది చిన్నదైతే ఇచ్చేవాళ్లు ఉంటారు.

ఇక దూరం. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం 1994 నాటిది. దాని ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి, మరపడవలు అందులో వేటాడకూడదు. లోపలికి వస్తున్నాయా లేదా అన్నది ప్రతి ఊళ్లోనూ తగాదానే. దీనికి ఒక చిన్న ఉపాయం చెబుతాను. నీటి అంచున నిలబడ్డ మామూలు ఎత్తు మనిషికి సముద్రపు గీత, అంటే నీరూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే చోటు, సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పడవ కింది అంచు, అది నీటిని తాకే చోటు, మీకు స్పష్టంగా కనిపిస్తోందంటే ఆ పడవ ఆ గీతకు ఇవతల ఉన్నట్టు. అంటే ఎనిమిదికి బాగా లోపల. పైభాగమో, దీపమో మాత్రమే కనిపిస్తే ఏమీ తేల్చలేరు, దీపం ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం నుంచి కనిపిస్తుంది. ఇసుక తిన్నె ఎక్కినా, కొండ ఎక్కినా ఈ లెక్క పనికిరాదు, గీత దూరం జరిగిపోతుంది. ఈ ఉపాయంతో ఎవరి మీదా కేసు పెట్టలేరు. అయినా తేదీ, సమయం, ఫొటో వరసగా పేరుకుంటే మత్స్యశాఖ వాళ్లు కొట్టిపారేయలేరు. లోపలికి వచ్చి ఆగి ఉన్న పడవ వేరు, వేటాడుతున్న పడవ వేరు, అది కూడా రాసుకోండి.

ఇలా రాస్తూ పోతే తేలేది ఏమిటంటే, తాబేళ్ల వాళ్లూ చిన్న పడవల జాలరులూ చాలాచోట్ల ఒకే ఫిర్యాదు చేస్తున్నారు. మరపడవ లోపలికి వస్తే తాబేలు చస్తుంది, తెప్ప వాడి వల చిరుగుతుంది. ‘ప్రకృతి ప్రేమికులకూ మత్స్యకారులకూ మధ్య పోరు’ అని పేపర్లో రాసే శీర్షిక అప్పుడు నిలబడదు.

తాబేళ్లు తప్పించుకునే పరికరం మీదా ఇదే వరస. ట్రాల్ వల గొంతులో ఇనుప చట్రం బిగిస్తారు. రొయ్యలు చువ్వల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనో కిందో ఉన్న సందులోంచి బయటపడుతుంది. ఇది లేకుండా పట్టిన రొయ్యలు కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో అక్కడి అప్పీలు మండలి, తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, అమలు చేసిన తీరులో మాత్రం వివక్ష ఉందని తేల్చింది. ఇంత పెద్ద స్థాయిలో నడిచిన వివాదం మన రేవులోకి వచ్చేసరికి ఒక్క వాక్యం అవుతుంది: ‘ఆ సందులోంచి చేపలన్నీ పోతాయి.’ కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఆ నష్టాన్ని తగ్గించేలా మన వలలకు తగిన నమూనా చేసింది. ‘పోతాయి’, ‘పోవు’ అని ఒడ్డున వాదించడం కంటే, ఒకే రాత్రి, ఒకే చోట రెండు పడవలు లాగి, ఒకదానికి చట్రం పెట్టి, రెండోదానికి పెట్టకుండా తూచడం నయం. తూచేటప్పుడు యజమానులే కాటా పట్టుకోవాలి. చెత్త, ప్లాస్టిక్ ఎక్కువ ఉన్న నీళ్లలో చట్రం మూసుకుపోతుందని వాళ్లు చెప్పేది వట్టి సాకు కాదు, అది కూడా చూడవలసిన విషయమే.

తాబేళ్ల మీద చాలా రాశాను. మిగతావి త్వరగా చెబుతాను.

పరిశీలన ముందు సరిదిద్దవలసింది మన పక్షాన్నే. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉంది కదా, శీతకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చెట్ల నిండా గూళ్లు కట్టే ఊరు. ఊళ్లో వాళ్లు వాటిని తమ ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. కానీ అవి సైబీరియా నుంచి వస్తాయని ఏటా పత్రికల్లో రాస్తారు, వేదికల మీద చెబుతారు. ఆ రెండు జాతులూ దక్షిణాసియాకు, దాని పరిసరాలకు చెందినవే. నీరు, చేప ఉన్న చోటికి కాలాన్ని బట్టి తిరుగుతాయి తప్ప సైబీరియా మొహం చూడవు. ‘పోనీలెండి, ఆ మాట వల్ల జనంలో ఆసక్తి పెరుగుతోంది కదా’ అనే వాళ్లున్నారు. ప్రమాదం ఉన్నది అక్కడే. ప్రాజెక్టు తరఫు నిపుణుడు లేచి ‘ఈ పక్షి సైబీరియాది కాదు’ అని ఒక్క ముక్క అంటే, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలన్నీ దాంతోపాటే కొట్టుకుపోతాయి. నిజానికి సరైన మాటే మీకు ఎక్కువ బలం. ఆ పక్షి చుట్టుపక్కల బీలల్లో (నీళ్లు నిలిచే పల్లపు నేలల్లో), చెరువుల్లో, ఉప్పుటేరుల్లో మేత దొరికితేనే ఇక్కడ పిల్లల్ని పెంచగలదు. అంటే గూడు ఉన్న చెట్టును వదిలేసి మేత ఉన్న బీలను పూడిస్తే సరిపోదన్న వాదన నిలుస్తుంది. సైబీరియా కథలో ఆ వాదనకు చోటే లేదు.

బీల అన్నాను కాబట్టి శ్రీకాకుళం జిల్లాలోని సోంపేట గుర్తు చేయాలి. అక్కడ థర్మల్ కేంద్రానికి ఇచ్చిన భూమిని కాగితాల్లో పనికిరాని నేలగా చూపారు. ఊళ్ల వాళ్లకు అది నీళ్లు నిలిచే చోటు, చేపలు పట్టే చోటు, పొలాలకు ఆధారం. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. నేను దీన్ని ఉద్యమ చరిత్రగా చెప్పడం లేదు. ఒక నేల ఏమిటి అన్న మామూలు వర్ణన తప్పుగా రాస్తే వివాదం ఎంత దూరం పోతుందో చెప్పడానికి అంటున్నాను. ఏ నెలలో ఎంత నీరు, ఏ చేప, ఏ పక్షి అని ముందే ఎవరైనా తేదీలతో రాసి ఉంటే ఆ వర్ణన అంత సులువుగా కాగితం మీదికి ఎక్కేది కాదని నా నమ్మకం.

మీ జెట్టీకి నేరుగా పనికొచ్చే విషయం ఇప్పుడు. పర్యావరణ ప్రభావ నివేదికలకు చాలా సందర్భాల్లో ఒక్క రుతువు సమాచారమే సేకరిస్తారు, వానాకాలం వదిలేసి. కాబట్టి నివేదికలో మీరు మొదట వెతకవలసింది జీవుల జాబితా కాదు, సర్వే చేసిన నెలలు. సర్వే మే నెలలో జరిగి ఉంటే తాబేలు గూళ్లు కనిపించకపోవడం సహజం. వలస కొంగలు, ఉల్లంకిపిట్టలు కూడా వెళ్లిపోయి ఉంటాయి. వాళ్లు ‘లేవు’ అని రాసింది అబద్ధం కాకపోవచ్చు, ఆ నెలలో లేవు. మీ దగ్గర జనవరి పేజీలు ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెడితే చాలు, గొంతు పెంచే అవసరమే రాదు.

దీనికి చట్టబలం కూడా ఉంది. తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నిబంధనల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, పక్షులు గూళ్లు కట్టే చోట్లు, మడ అడవులు వంటివి అత్యంత సున్నితమైన వర్గంలోకి వస్తాయి. ఒక చోట తాబేలు గూడు ఉందని తేదీ, స్థలం, ఫొటోతో రుజువుంటే ఆ చోటును మ్యాపులో చూపించారా అని అడిగే హక్కు మీకు వస్తుంది. మీ ఊరిది పెద్ద హార్బరు అయితే ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వవచ్చు. మైకు దగ్గర తోపులాటలో మాట్లాడే కంటే రెండు పేజీల కాగితం ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు. చిన్న చేపల రేవు మాత్రమే అయితే ఆ సభ ఉండకపోవచ్చు, అప్పుడు తీర నియంత్రణ అనుమతి కోసం పెట్టిన కాగితాలు చూడండి.

నత్తల గురించి మీరు కొంచెం సిగ్గుపడుతూ రాశారు, ‘వీటిని ఎవరు పట్టించుకుంటారు’ అని. నా దృష్టిలో మీ పుస్తకంలో అన్నిటికంటే విలువైన పేజీలు అవే. తాబేలు ఏడాదిలో ఒకటి రెండు రాత్రులు వచ్చి పోతుంది. రాయికి అతుక్కున్న ఆల్చిప్ప, సముద్రపు పువ్వు ఎక్కడికీ పోలేవు. నీళ్లలో నూనె కలిసినా, తవ్వకాల బురద కమ్ముకున్నా ముందు దెబ్బతినేవి అవే. విశాఖలో తెన్నేటి పార్కు కింద, రుషికొండ దగ్గర, యారాడ వైపు రాళ్ల మధ్య పాటు వేళ (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) నీటి గుంటల్లో ఇవన్నీ చూడవచ్చు. మీ ఊళ్లోనూ రాళ్లున్నాయన్నారు. అవే రాళ్లను, అమావాస్య, పున్నమి దగ్గరి పెద్ద పాటు వేళ, ఒకే కోణంలో ఫొటో తీస్తూ ఉండండి. జెట్టీ వచ్చినా రాకపోయినా ‘ముందు ఎలా ఉండేది’ అన్న ప్రశ్నకు ఊళ్లో ఒక్కరి దగ్గరైనా జవాబుండాలి. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో అచ్చయ్యాయి. జాలరులు చెప్పిన తెలుగు పేర్లతో సహా! అప్పట్లో అది కంపెనీ కొలువులోని ఒక వైద్యుడి వ్యాపకం. రెండు వందల ఏళ్ల తర్వాత ఈ తీరంలో ఏం ఉండేదని అడిగితే చూపించడానికి అది ఉంది.

తీరం కోత మీద కూడా మీ ఊళ్లో గొడవ ఉందన్నారు. జాగ్రత్త! వానాకాలం అలలకు సన్నబడిన ఒడ్డు వేసవికి మళ్లీ వెడల్పు కావచ్చు. మన తీరంలో ఇసుక కొన్ని నెలలు ఉత్తరానికి, కొన్ని నెలలు దక్షిణానికి నడుస్తుంది, మొత్తం మీద ఉత్తరానికే ఎక్కువ. అడ్డంగా రాతిగోడ కడితే ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క కోసుకుపోతుంది. విశాఖ హార్బరు నుంచి తవ్విన ఇసుకను బీచ్ మీద పోయవలసి రావడం ఇందుకే. నవంబర్ ఫొటోను ఏప్రిల్ ఫొటో పక్కన పెట్టి ‘ఒడ్డు పోయింది’ అన్నా, ‘పెరిగింది’ అన్నా రెండూ చెల్లవు. ఒకే నెల, ఒకే పోటు స్థితి, కదలని గుర్తు ఒకటి (కొబ్బరిచెట్టు కాదు, గుడి మెట్టు నయం), అప్పుడు పోల్చండి.

ఎవరు చూస్తున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మీరు చదువుకున్నవారు, కెమెరా ఉన్నవారు. ఎంత నిజాయితీగా రాసినా ‘బయటివాళ్ల లెక్క’ అంటారు. గుజరాత్‌లో తిమింగల సొరను ఒకప్పుడు వేటాడేవారు. 2001లో దానికి చట్టరక్షణ వచ్చింది. ఆ తర్వాత వలలో పడిన సొరను వల కోసి వదిలేస్తే వల ఖరీదు ఇచ్చే ఏర్పాటు చేశారు. అటవీ సిబ్బంది సముద్రంలోకి వచ్చి చూసేదాకా ఆగకుండా, జాలరులే ఫొటో తీసి చూపించేలా వాళ్ల చేతికే కెమెరాలు ఇచ్చారు. అక్కడితో సొర లెక్క జాలరుల లెక్క అయింది. మన దగ్గర 2021 డిసెంబర్‌లో అనకాపల్లి వైపు తంతడి తీరంలో ఒడ్డుకు చిక్కుకున్న తిమింగల సొరను అటవీశాఖతో కలిసి మళ్లీ నీళ్లలోకి పంపింది కూడా స్థానిక మత్స్యకారులే. మీ పుస్తకంలో ఒక వరస వాళ్ల కోసం పెట్టండి: ఈ రోజు ఏ చేప పడింది, ఎంత లోతులో, నీటి రంగు ఎలా ఉంది. వాళ్లు చెప్పింది వాళ్లు చెప్పినట్టు, మీరు చూసింది విడిగా రాయండి. రెండింటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

ఇక పరిశీలన చేయలేని పని. జెట్టీ అడుగుతున్నవాళ్లు ప్రకృతి ద్వేషులు కారు. రేవు లేని ఊళ్లో అలల మీదుగా తెప్ప దించడం, ఎక్కించడం ఒళ్లు గుల్ల చేసే పని, ప్రమాదం కూడా. శ్రీకాకుళం తీరం నుంచి ఏటా ఎంతమంది గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి పోతున్నారో మీకు తెలుసు. 2018లో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరవై మంది పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గాని ఇళ్లకు చేరలేదు. ‘ఊళ్లోనే రేవు ఉంటే మా పిల్లలు అంత దూరం పోరు’ అని ఒక తల్లి అంటే, దానికి మీ పీతల పేజీ జవాబు కాదు, కాకూడదు. ఉద్యోగం ముఖ్యమా, తీరం ముఖ్యమా అన్నది విలువల ప్రశ్న. అది ఊరు కూర్చుని తేల్చుకోవలసినది. మీరు చెప్పగలిగింది ఇంతే: ఈ మూల గూళ్లు ఉన్నాయి, ఆ మూల లేవు. ఈ నెలల్లో తవ్వకం వద్దు, ఆ నెలల్లో ఫరవాలేదు. దీపాలు సముద్రం వైపు వేస్తే తాబేలు పిల్లలు దారి తప్పుతాయి, అటు కనపడకుండా కప్పు వేయవచ్చు. ఇవన్నీ జెట్టీ కట్టేవాళ్లకూ పనికొచ్చే మాటలే. ఒక సభలో ఇలా మాట్లాడినందుకు మా పక్షం వాళ్లే నన్ను ‘అమ్ముడుపోయాడు’ అన్నారు. అలవాటు చేసుకోండి.

కొన్ని ఆచరణ విషయాలు, వరస లేకుండా. ఏమీ కనిపించని రోజు కూడా నడిచిన దూరం, సమయం రాయండి. ఖాళీ రోజులు లేని పుస్తకాన్ని నేనైతే నమ్మను. ఫొటోలో పక్కన స్కేలు గాని, పెన్ను గాని పెట్టండి. గూడు ఉన్న చోటు వివరాలు అటవీశాఖకు ఇవ్వండి, ఫోను గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, గుడ్లు ఏరుకునేవాళ్లు కూడా ఆ గ్రూపుల్లో ఉంటారు. సముద్ర తాబేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, బతికున్నదాన్నే కాదు, చచ్చినదాన్ని కూడా అనుమతి లేకుండా కదిలించకండి, చూసి, ఫొటో తీసి, కబురు చేయండి. కారణం తెలియనప్పుడు ‘తెలియదు’ అనే గడి ఒకటి ఉంచండి, దాన్ని నింపడానికి మొహమాటపడకండి.

ఫ్లెక్సీ సంగతి. ఇవ్వకండి, లేదా రెండు వర్గాలకూ ఒకేసారి, తేదీలతో సహా మొత్తం పుస్తకం నకలు ఇవ్వండి. ఒక ఫొటో ఫ్లెక్సీ ఎక్కిందంటే అది ఆ పక్షం బొమ్మ అవుతుంది, తర్వాత మీరు తెచ్చే లెక్కను అవతలివాళ్లు చదవరు. ఉపయోగపడే మనిషి ఒకరు పంచాయతీ కార్యదర్శి. మత్స్యకార సహకార సంఘం అధ్యక్షుడు ఇంకొకరు. ఇద్దరికీ చెరో నకలు, సంతకం తీసుకుని.

ఈ వారం చేయవలసింది ఒకటే. నివేదిక సారాంశం తెచ్చుకుని సర్వే ఏ నెలల్లో చేశారో ఉన్న పేజీ వెతకండి. అది దొరికాక ఆ నెలలు, మీ పుస్తకంలో అవే నెలల్లోనూ మిగతా నెలల్లోనూ ఏముందో ఇక్కడ రాయండి. కాగితం ఎలా తయారు చేయాలో అప్పుడు చెబుతాను.